బొమ్మ అమ్మి ప్లేటు కొనాలంటే: సైనికుల రక్షణ సామగ్రి కోసం చిత్రాల వేలంపాట నడిపే పద్ధతి

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలకు పోయింది. ఆ పాటలో నిలబడ్డవాళ్లెవరూ శనగపిండికీ నెయ్యికీ లెక్క కట్టరు. ఊరందరి ముందు పాట తమ పేరు మీద నిలవాలి, ఆ డబ్బు ఊరి పనికి వెళ్లాలి, ఇంటికి మంచి జరగాలి. అందుకే పాడతారు. తమ సైనికుల కోసం యుక్రెయిన్‌వాళ్లు నడిపే చిత్రాల వేలంపాటలు ఎందుకు నడుస్తున్నాయో తెలుగువాళ్లకి చెప్పాలంటే నేను ముందు ఈ లడ్డూ సంగతే చెప్తాను. ఒక్క తేడా ఉంది. అక్కడ బాలాపూర్‌కి ముప్ఫై ఏళ్ల పేరుంది. మీ వేలానికి ఏ పేరూ లేదు, ఆ నమ్మకాన్ని మీరే కూడబెట్టుకోవాలి.

నేను పోలండ్‌లో ఉంటాను. మా ఆఫీసులో పనిచేసే యుక్రెయిన్ మిత్రులు కొందరు యుద్ధం మొదలైన ఏడాది నుంచి ఇలాంటి వేలాలు పెడుతున్నారు. నాకు బొమ్మలు గీయడం రాదు, ఆయుధాల గురించి తెలియదు, అందుకని ఎక్సెల్ షీటు నా చేతిలో పెట్టారు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ షీటు పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

ముందు జాబితా, తర్వాతే బొమ్మలు

చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. ఎవరో చిత్రకారులు పది బొమ్మలు ఇస్తామంటారు, వెంటనే పోస్టరు తయారైపోతుంది, "సైనికుల కోసం" అని రాసేస్తారు. ఏ సైనికులు? ఏం కొంటారు? ఎన్ని? అడిగితే చెప్పేవాళ్లుండరు. అలాంటి వేలంలో పాట పైకి లేవదు.

మొదట ఒక దళం నుంచి రాతపూర్వకంగా కోరిక తెప్పించుకోండి. యుక్రెయిన్‌లో వాలంటీర్లు ఇలాగే చేస్తారు. దళం తమకేం కావాలో ఉత్తరం రాస్తుంది, వస్తువులు అందాక పుచ్చుకున్నట్టు కాగితం మీద సంతకం పెడుతుంది. ఈ రెండు కాగితాల మధ్య జరిగేదే మీ పని మొత్తం. ఉత్తరంలో "20 జాకెట్లు" అని మాత్రమే ఉంటే తిరిగి అడగండి. సైజులు ఏమిటి, ప్లేట్లు (తూటాలని ఆపడానికి జాకెట్లో పెట్టే గట్టి పలకలు) ఏ స్థాయివి, దళంలో ఆడవాళ్లు ఎంతమంది, జాకెట్లు ఉండి ప్లేట్లు మాత్రమే లేవా, లేక రెండూ లేవా. మగవాళ్ల కొలతలకి కుట్టిన జాకెట్ ఆడవాళ్లకి భుజాల దగ్గర వదులై, ఛాతీ దగ్గర బిగుతై, ప్లేటు ఉండాల్సిన చోట ఉండదు. అలాంటిది కొనివ్వడం కొననట్టే.

జాబితా చేతికొచ్చాక దాన్ని చిన్న చిన్న ముక్కలు చేయండి. "మా లక్ష్యం ఇంత మొత్తం" అంటే వినేవాళ్లకి ఏమీ తట్టదు. "ఈ బొమ్మ పాట ఒక హెల్మెట్, ఆ బొమ్మ పాట నాలుగు టూర్నికేలు (రక్తం ఆపే పట్టీలు)" అంటే పాడేవాడి కళ్లముందు ఒక వస్తువు కనిపిస్తుంది. అక్కడ సైన్యానికి సాయంచేసే ఒక పెద్ద సంస్థ పేరు కూడా ఒక వస్తువు మీదినుంచే పుట్టింది. యుక్రెయిన్‌లో పేరున్న 'పొవెర్నిస్ జివిమ్' సంస్థ 2014లో మొదలైంది. ఆ మాటకి 'ప్రాణాలతో తిరిగి రా' అని అర్థం. విటాలి డెయ్నెగా అనే ఐటీ ఉద్యోగి సైనికులకి కొనిచ్చిన బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల మీద రాసిన మాటే సంస్థకి పేరైంది.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

ఇది తేలకుండా ఒక్క బొమ్మ ఫొటో కూడా బయటపెట్టొద్దు.

అన్నిటికంటే సులువైన దారి, డబ్బు మీ చేతికి రాకుండా చూసుకోవడం. యుక్రెయిన్ ఫేస్‌బుక్ వేలాల్లో ఇదే పద్ధతి. గెలిచినవాళ్లు నేరుగా నమోదైన ఫౌండేషన్ ఖాతాకో, అక్కడి మోనోబ్యాంక్ యాప్‌లో ఆ పనికోసం తెరిచిన 'బాంకా'కో డబ్బు వేసి రసీదు చూపిస్తారు. బాంకా అంటే వాళ్ల భాషలో గాజు జాడీ. మన పోపులడబ్బాలో దాచుకున్న డబ్బులాంటిదే, కాకపోతే ఎంత పోగైందో అందరికీ కనిపిస్తుంది. రసీదు చూశాకే బొమ్మ పంపుతారు.

మీరే వసూలు చేయాల్సి వస్తే మీరున్న దేశం చట్టం చూసుకోవాలి. పోలండ్‌లో బహిరంగంగా నగదు పోగుచేయాలంటే ముందుగా ప్రభుత్వానికి తెలియజేయాలి, బ్యాంకు బదిలీలకు ఆ నియమం లేదు. అందుకే మేం హాల్లో డబ్బాలు పెట్టం. కెనడాలో పరాయి దేశపు సైన్యానికి సాయం చేయడాన్ని పన్ను చట్టం దాతృత్వంగా లెక్కించదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు గమనించాల్సిన సంగతులు మూడు. నమోదైన 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న దాతృత్వ సంస్థ ద్వారా వేలం జరిగినా, బొమ్మ అసలు విలువ కంటే ఎక్కువ పెట్టిన మొత్తానికే పన్ను మినహాయింపు వస్తుంది. పాట 75 డాలర్లు దాటితే ఆ విలువెంతో సంస్థ రాసివ్వాలి. ఇక చిత్రకారుడు తను గీసిన బొమ్మని దానమిస్తే రంగులకీ కాన్వాసుకీ అయిన ఖర్చు వరకే మినహాయింపు, బజారు ధరకి కాదు. ఈ మూడోది ముందే చెప్పకపోతే తర్వాత మొహమాటాలొస్తాయి.

ఇండియాలో ఉండి పరాయి సైన్యం కోసం డబ్బు పోగుచేయాలనుకుంటే లాయర్నీ చార్టర్డ్ అకౌంటెంటునీ అడగకుండా అడుగు వేయొద్దు. విదేశాల నుంచి విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది, బయటికి పంపాలంటే విదేశీ మారక చట్టం ఫెమా ఉంది. మన జవాన్ల కోసమే చేయాలనుకుంటే ఆ దారి వేరు. మన దగ్గర జాకెట్లూ హెల్మెట్లూ సైన్యమే కొనిస్తుంది, పౌరులు సాయుధ దళాల పతాక నిధికో, అమరుల కుటుంబాల కోసం ఉన్న 'భారత్ కే వీర్'కో డబ్బు ఇవ్వొచ్చు. వేలం నడిపే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

చెల్లింపుల యాప్ నియమాలు కూడా చదవండి. 2022 ఫిబ్రవరి 24న, యుద్ధం మొదలైన రోజే, చందాలు పోగుచేసే వెబ్‌సైటు పేట్రియాన్ ఆ 'పొవెర్నిస్ జివిమ్' పేజీని ఆపేసింది. సైనిక సామగ్రికి డబ్బు పోగుచేయడం తమ నియమాలకు విరుద్ధమంది. అంత పెద్ద సంస్థకే అలా జరిగితే మన చిన్న పేజీ ఎంత? రెండో దారి ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి.

బొమ్మలు అడగడం

చిత్రకారులని అడిగేటప్పుడు మొహమాటం వద్దు, మొహమాటపెట్టడం అసలే వద్దు. బొమ్మ ఇవ్వడమంటే వాళ్ల రెండు నెలల పని ఇవ్వడం. మొత్తం ఇస్తారా, సగం తీసుకుని సగం ఇస్తారా అని మీరే ముందు అడగండి. సగం తీసుకుంటే తప్పేమీ లేదు, కాకపోతే ఆ మాట వేలం ప్రకటనలో ఉండాలి. బొమ్మ అమ్ముడైనా కాపీరైటు చిత్రకారుడిదే అని ఒక్క వాక్యం రాసుకోండి. లేకపోతే గెలిచినాయన ఆ బొమ్మని టీషర్టుల మీద వేయించి అమ్ముతుంటే చూస్తూ ఉండాల్సొస్తుంది.

ఎలాంటివి బాగా పోతాయంటే, వెనక కథ ఉన్నవి. 1990లో యుక్రెయిన్ జానపద చిత్రకారిణి మరియా ప్రిమాచెంకో గీసిన 'నాలుగో బ్లాకు దగ్గర పూసిన పూలు' 2022 మేలో, సైన్యం కోసం విరాళాలు సేకరించే సెర్హీ ప్రితులా ఫౌండేషన్ నడిపిన వేలంలో 5 లక్షల డాలర్లకు పోయింది. నాలుగో బ్లాకంటే చెర్నోబిల్‌లో పేలిన రియాక్టరు. అదే ఏడాది ఫిబ్రవరిలో కీవ్ దగ్గరి ఇవాన్కివ్ మ్యూజియం యుద్ధంలో తగలబడితే, లోపలున్న ఆమె బొమ్మల్ని స్థానికులు బయటికి తెచ్చి కాపాడుకున్నారు. ఆ సంగతి తెలిసినవాళ్లకి ఆ ధర ఎక్కువనిపించదు. కీవ్‌లో ఒలెక్సాండర్ క్లిమెంకో, సోఫియా అట్లాంటోవా దంపతులు తూటాల పెట్టెల చెక్కల మీద దేవుళ్ల బొమ్మలు గీసి, ఆ డబ్బుని యుద్ధంలో పనిచేసే వాలంటీరు డాక్టర్ల ఆసుపత్రికి ఇచ్చారు. చెక్క ఎక్కడిదో చూస్తేనే తెలుస్తుంది, ఇంకేం చెప్పక్కర్లేదు.

దీన్నే పట్టుకుని కొందరు ఖాళీ ఫిరంగి గుండ్ల తొడుగుల మీద బొమ్మలు వేసి పెడతారు. చూడ్డానికి బావుంటాయి. కానీ అలాంటిది పోస్టులో వెళ్లదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. గెలిచినవాళ్లు అదే ఊళ్లో ఉంటే తప్ప వేలంలో పెట్టకండి. ఇళ్లలోని పాత దేవుడి పటాలూ పురాతన వస్తువులూ కూడా అంతే. యుక్రెయిన్ నుంచి బయటికి తీసుకెళ్లాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి.

ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. బొమ్మ ముందు వైపు, వెనక వైపు, సంతకం దగ్గరగా, పక్కన మనిషి నిలబడితే ఎంత పెద్దగా ఉందో ఒకటి. కొలత, రంగుల రకం, ఫ్రేము ఉందా లేదా, పార్సిల్ బరువు సుమారు ఎంత, పంపే ఖర్చు ఎవరిది. ఇవి లేకపోతే వేలం నడుస్తుండగా ఇవే ప్రశ్నలు వందసార్లు అడుగుతారు.

సర్కారు పాట ఎంత పెట్టాలి

మన వేలాల్లో సర్కారు పాట అంటామే, ఆ కనీస ధర విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్తాను. తక్కువ పెట్టండి. బజారులో 1000 జ్లోటీలు (పోలండ్ డబ్బు) పలికే బొమ్మకి 900 సర్కారు పాట పెడితే ఇద్దరు చూసి వెళ్లిపోతారు. 200 పెడితే పన్నెండుమంది వస్తారు. ఒకసారి పాట పాడినవాడికి అది తన బొమ్మ అయిపోతుంది, దాటిపోతుంటే ఊరుకోలేడు. చిత్రకారుడికి మాత్రం ముందే చెప్పి ఒప్పించుకోవాలి, తన బొమ్మ 220కి పోతే ఎవరికైనా బాధే. పెద్ద పేరున్న బొమ్మలు ఒకటి రెండుంటే వాటికి మాత్రం ఇంతకు తక్కువైతే ఇవ్వం అనే అడుగు ధర పెట్టుకోండి.

పెంపు సర్కారు పాటలో పదో వంతు ఉంటే చాలు. 200కి 20. యుక్రెయిన్‌వాళ్లు 'బ్లిట్జ్' అని ఇంకొకటి పెడతారు, అంత ఇచ్చేస్తే పాట అక్కడికక్కడే ముగిసిపోతుంది. నాకది నచ్చదు. తొందరపడి బ్లిట్జ్ తక్కువ పెట్టి ఒక మంచి బొమ్మని మొదటి గంటలోనే పోగొట్టుకున్నాం.

ముగింపు సమయం రాయండి, దాంతోపాటు పొడిగింపు నియమం కూడా. చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే, గడువు ఆ పాట సమయం నుంచి పది నిమిషాలకి జరుగుతుంది. ఈ ఒక్క నియమం ఎంత పనిచేస్తుందో ఒక రాత్రి చూపిస్తాను.

వానలో తడిసిన ట్రామ్ స్టాపు బొమ్మ, అరచేయి కంటే కొంచెం పెద్దది. ఆదివారం రాత్రి 9కి ముగియాలి. 8:40 వరకు 360 దగ్గరే ఆగింది. 8:53కి ఒకామె 380 అంది. గడువు 9:03కి జరిగింది. 9:01కి ఇంకొకాయన 400. ఆమె 420. నేను అన్నం తింటూ ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ప్రతి రెండు మూడు నిమిషాలకీ ఒకటి మోగుతోంది. 9:30కి 640. అప్పటిదాకా చూస్తూ ఊరుకున్న మూడో మనిషి వచ్చి ఒక్కసారే 800 అన్నాడు. ఇద్దరూ ఆగిపోయారు. 9:40. ఒకటోసారి, రెండోసారి అనేవాళ్లెవరూ లేరు, ఫోను మీద గడియారం తిరుగుతోంది అంతే. 9:46కి మొదటి ఆమె 820. అక్కడే నిలిచింది. గడువు 9కి ఖచ్చితంగా మూసేసి ఉంటే ఆ బొమ్మ 380కి పోయేది.

హాల్లో జరిపే వేలమైతే వరస ముఖ్యం. మంచి బొమ్మని మొదట పెట్టకండి, చివర కూడా పెట్టకండి. జనం కుదురుకున్నాక, ఇళ్లకి బయల్దేరకముందు, మూడో వంతు దగ్గర రావాలి. పాట చెప్పేవాడికి గొంతు ఉండాలి, సిగ్గు ఉండకూడదు. మన ఊళ్లలో చెరువు వేలానికీ కొబ్బరితోట వేలానికీ పాటదారులు సిండికేటైపోయి ధర లేవకుండా చూస్తారు. ఇక్కడ ఆ బాధ అంతగా లేదు కానీ, రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి "నువ్వది తీసుకో, నేనిది తీసుకుంటా" అనుకునే స్నేహితులే సిండికేటు. వాళ్లని వేరువేరు బల్లల దగ్గర కూర్చోబెట్టండి.

ఇంకో జాగ్రత్త. వేలం వేరు, లాటరీ వేరు. ఐరోపా పాటల పోటీ యూరోవిజన్ గెలిచిన యుక్రెయిన్ బృందం కలుష్ ఆర్కెస్ట్రా 2022 మేలో తమ ట్రోఫీని వేలంలో 9 లక్షల డాలర్లకు ఇచ్చింది, డ్రోన్ల కోసం. గాయకుడి గులాబీరంగు టోపీకి మాత్రం టికెట్లు అమ్మి డ్రా తీశారు. అది చూసి మనమూ డ్రా పెడదాం అనుకోకండి. చాలా దేశాల్లో దానికి లైసెన్సు కావాలి, ఇండియాలో ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరం.

గెలిచి ఎగ్గొట్టేవాళ్లు

ఉంటారు. గడువు 48 గంటలని ముందే రాయండి. రాకపోతే రెండో పాటదారుకి తన చివరి పాట ధరకే ఇవ్వండి, మొదటివాడి ధరకి ఇమ్మనడం మర్యాద కాదు. పెద్ద బొమ్మలకి ధరావతు తీసుకోవచ్చు. రసీదు స్క్రీన్‌షాట్ చూసి నమ్మకండి, ఖాతాలో పడిందో లేదో చూడండి.

కొనడం: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే

మా మొదటి వేలం డబ్బులో కొంత పెట్టి పది టూర్నికేలు కొన్నాం. చేతికో కాలికో తీవ్రంగా రక్తం పోతుంటే బిగించి ఆపే పట్టీ అది. కాట్ అనే రకం అసలుది ఒక్కోటి 30 డాలర్ల దాకా ఉంటుంది. ఆన్‌లైన్‌లో సగం కంటే తక్కువకి దొరికాయి, రంగూ పేరూ అన్నీ అవే. మాలో ఒకమ్మాయి నర్సు. పార్సిల్ విప్పగానే ఒకటి తన తొడకి కట్టుకుని కడ్డీ తిప్పింది. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకి కడ్డీ వంగింది, తర్వాత టక్కుమని విరిగింది. ఆమె ఏమీ అనలేదు. మిగతా తొమ్మిదీ మడిచి చెత్తబుట్టలో వేసి, ఎవరూ తీసి వాడకుండా పట్టీలు కత్తిరించింది. నేను షీటులో ఆ వరస ఎర్రగా చేసి "నష్టం" అని రాశాను. ఆ మాట రిపోర్టులోనూ పెట్టాం. అప్పట్నుంచి అధీకృత అమ్మకందారు బిల్లు లేకుండా ఏదీ కొనలేదు.

ప్లేట్ల విషయంలో నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐజే పెట్టిన ప్రమాణం ఎక్కువ వాడుకలో ఉంది. పాత లెక్కలో 3ఎ అంటే పిస్తోలు తూటాలవరకే, 3 అంటే మామూలు రైఫిల్ తూటాలు, 4 అంటే గట్టి మొన ఉన్న, కవచాన్ని చీల్చే రైఫిల్ తూటా. 2023 చివర్లో వచ్చిన కొత్త లెక్కలో ఇవి హెచ్‌జీ, ఆర్‌ఎఫ్ పేర్లతో మారాయి, కాబట్టి లేబుల్ మీద రెండు రకాలూ కనిపిస్తాయి. యుక్రెయిన్‌కి సొంత ప్రమాణం ఉంది, ఇండియాకి ఐఎస్ 17051 ఉంది. దళం ఏ లెక్కలో అడిగిందో ఆ లెక్కలోనే కొనండి, ఇది దాంతో సమానమే అని అమ్మేవాడు చెప్తే వినకండి.

లేబుల్ మీద ఇంకో చిన్న మాట చూడాలి. కొన్ని ప్లేట్లు ఒంటరిగా తూటాని ఆపుతాయి. కొన్నింటి మీద 'ఐసీడబ్ల్యూ' అని ఉంటుంది, అంటే వెనకాల మెత్తటి కవచం ఉంటేనే ఆ స్థాయి రక్షణ ఇస్తాయి. ఉత్తి గుడ్డ జాకెట్లో ఐసీడబ్ల్యూ ప్లేటు పెట్టి పంపితే తొడుక్కున్నవాడికి ఆ సంగతి తెలియదు. తయారీదారు పేరు, మోడల్, లాట్ నంబరు, తేదీ, ఏ వైపు శత్రువు వైపుండాలో గుర్తు, ఇవన్నీ ఉండాలి.

ఉక్కు ప్లేట్లు చవక, కానీ తూటా తగిలినప్పుడు దాని ముక్కలు పక్కలకి చిమ్మి మెడకీ చేతులకీ గుచ్చుకుంటాయి. పాలిథిలీన్‌వి తేలిక, గట్టి ఉక్కు మొన ముందు చాలావాటికి బలం చాలదు. సెరామిక్‌వి మంచివే, కానీ కింద పడేస్తే లోపల పగులుతాయి, పైకి కనిపించదు. అందుకే వాడిన సెరామిక్ ప్లేట్లు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా ఎక్స్‌రే తీయించకుండా తీసుకోం. హెల్మెట్లలో ఆటలకి అమ్మే నకళ్లు అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. బరువూ బిల్లూ రెండూ చూడండి.

వస్తువు ఎక్కడ కొనాలి? వీలైతే యుక్రెయిన్‌లోనే. ప్లేట్లూ సైనిక హెల్మెట్లూ ఐరోపా దేశాల నుంచి సరిహద్దు దాటించాలంటే ఎగుమతి లైసెన్సు కావాలి. అమెరికా నుంచి 4వ స్థాయి ప్లేట్లు పంపడం ఆయుధాల ఎగుమతి చట్టం కిందికి వస్తుంది. సూట్‌కేసులో పెట్టుకెళ్లి సరిహద్దులో కూర్చున్నవాళ్ల కథలు చాలా విన్నాను. డబ్బుకి ఆ ఇబ్బంది లేదు. అక్కడే తయారుచేసేవాళ్లున్నారు, కొరియర్ ఖర్చు మిగులుతుంది, సైజు సరిపోకపోతే మార్చుకోవచ్చు.

అందించాక

దళం సంతకం పెట్టిన కాగితం వచ్చాక రిపోర్టు రాయండి, నెల దాటనివ్వొద్దు. ఏ బొమ్మ ఎంతకు పోయింది, ఆ డబ్బు దేనికైంది, బిల్లు నంబరెంత, బ్యాంకు రుసుము ఎంత, పార్సిళ్ల ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. పాడినవాళ్ల పేర్లు వాళ్లని అడక్కుండా వేయకండి.

సైనికులు ఫొటోలు పంపుతారు, సంతోషంతో. అలాగే పెట్టేయకండి. ముఖాలు, దళం గుర్తులు, వెనకాల కనిపించే ఇంటి కప్పు, రోడ్డు బోర్డు, కిటికీలోంచి కనిపించే చెట్ల వరస, వీటిని బట్టి చోటు కనిపెట్టేవాళ్లున్నారు. ఫొటో ఫైల్లో దాగుండే లొకేషన్ వివరాలు తీసేయండి. అన్నిటికంటే మంచిది, జాకెట్లు నేల మీద పరిచి పైనుంచి తీసిన ఫొటో. అది కూడా రెండు వారాలు ఆగి పెట్టండి.

చివరికి ఎప్పుడూ కొంత చిల్లర మిగులుతుంది. పోయిన వేలంలో మాకు 46 జ్లోటీలు మిగిలాయి. అవి రెండు ప్యాకెట్ల గాజుగుడ్డకి వెళ్లాయని షీటులో ఆఖరి వరసలో రాసి, బిల్లు స్కాను చేసి పెట్టాను. తర్వాతి వేలం ప్రకటన పెట్టినప్పుడు ట్రామ్ స్టాపు బొమ్మ గెలిచిన ఆమె కింద కామెంట్ రాసింది: "ఈసారి గాజుగుడ్డకి సరిపడా చిన్న బొమ్మ ఏదైనా ఉందా?"